డయాలసిస్ టెక్నాలజీ చదివితే కిడ్నీ డాక్టర్ కావచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి జీవశాస్త్రం ప్రధానంగా ఇంటర్ పూర్తి చేసింది. డయాలసిస్ చేయించుకుంటున్న మా అన్నగారికి తోడుగా వెళ్లివస్తున్నప్పటి నుంచి కిడ్నీ డాక్టరునే అవుతానంటోంది. మెడికల్ సీటు రాకపోతే డయాలసిస్ టెక్నాలజీలో చేర్చి, తర్వాత డాక్టర్ కోర్సులోకి మార్పించవచ్చా?

జవాబు: అలా మార్పించడం కుదరదు. డయాలసిస్ టెక్నాలజీ చదివినవారు డాక్టర్ కావాలనుకుంటే మళ్లీ ప్రవేశ పరీక్ష రాసి, మెడిసిన్‌ను మొదటి సంవత్సరం నుంచి చదవవలసిందే. ఆ పని నచ్చితేనే ఆ కోర్సులో చేర్చండి.

కిడ్నీ డాక్టర్ అనగానే చాలామంది రాళ్లు తీసే వైద్యుడిని ఊహించుకుంటారు. అది శస్త్రచికిత్స చేసే యూరాలజిస్టు పని. మూత్రపిండాల జబ్బులకు మందులతో, డయాలసిస్‌తో చికిత్స చేసేవారు నెఫ్రాలజిస్టులు. మెడిసిన్, ఆపైన జనరల్ మెడిసిన్, ఆ తర్వాత నెఫ్రాలజీ పూర్తయ్యేసరికి దాదాపు పదేళ్లో, అంతకు మించో పడుతుంది. ఆరోగ్యవంతుడి మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోసి, ఒకటి రెండు లీటర్లు తప్ప మిగిలినదంతా తిరిగి రక్తంలోకి పంపుతాయి. ఆ శక్తి తగ్గేకొద్దీ పొటాషియం, హిమోగ్లోబిన్, ఎముకల బలం, రక్తపోటు ఒకదాని వెంట ఒకటి అదుపు తప్పుతుంటాయి. సగం పనితీరు పోయేవరకూ క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలుసుకోవడానికి రక్తంలో కొలిచే వ్యర్థ పదార్థం) పెద్దగా పెరగకపోవచ్చు కనుక, మధుమేహమో బీపీయో ఉండి తనకే ఇబ్బందీ లేదనుకునే మనిషిని ఏళ్ల తరబడి ఒప్పించి మందులు వాడించడమే ఈ వైద్యంలో అసలు కష్టం. సత్వర ఫలితం కోరుకునేవారికి ఇది సరిపడదు.

టెక్నీషియన్ పని స్వభావం వేరు. సాధారణంగా వారానికి మూడుసార్లు, విడతకు నాలుగు గంటల చొప్పున ఒకే రోగి ఏళ్ల తరబడి వీరి చేతుల మీదుగానే వెళ్తుంటాడు. యంత్రంలో నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున ద్రావణం ప్రవహిస్తుంది, అంటే ఒక్క విడతలో 120 లీటర్లు పల్చటి పొరకు అవతల రోగి రక్తాన్ని ఆనుకుని పోతాయి. ఆ ద్రావణం తయారీకి వాడే నీటిలో క్లోరమైన్ (సరఫరా నీటిలో క్రిములను చంపడానికి కలిపే రసాయనం) మిగిలిపోతే ఎర్ర రక్తకణాలు చిట్లిపోతాయి కాబట్టి, నీటి శుద్ధిని పరీక్షించకుండా యంత్రం మొదలుపెట్టకూడదు. రోగి బరువు చూసి ఎంత నీరు తీయాలో లెక్కవేసుకోవడం, ఫిస్ట్యులా (సూదులు గుచ్చడానికి వీలుగా చేతిలో ధమనిని సిరతో కలిపి చేసే ఏర్పాటు) మీద చేయి ఉంచి రక్తప్రవాహపు అదురు అందుతోందో లేదో చూసి సూది గుచ్చడం, రోగి పదేపదే ఆవులిస్తుంటే బీపీ పడిపోతోందేమోనని అనుమానించి వెంటనే చూడడం వంటివి అనుభవంతో పదునెక్కే నేర్పులు. డచ్ వైద్యుడు విలెమ్ కాఫ్ 1943లోనే డయాలసిస్ యంత్రాన్ని రూపొందించినా, ప్రతిసారీ కొత్త రక్తనాళాన్ని బలిపెట్టవలసి రావడంతో దీర్ఘకాలిక చికిత్స సాధ్యపడలేదు. 1960లో అమెరికా వైద్యుడు బెల్డింగ్ స్క్రిబ్నర్ రక్తనాళాల్లో శాశ్వతంగా ఉంచగల గొట్టాన్ని, 1966లో మరికొందరు వైద్యులు ఫిస్ట్యులాను అందుబాటులోకి తెచ్చాకే రోగులు ఏళ్లపాటు డయాలసిస్ మీద బతకగలిగారు. ఆ ఫిస్ట్యులా ఎన్నాళ్లు పనిచేస్తుందనేది చాలావరకు సూది పట్టే చేతి మీదే ఆధారపడుతుంది కనుక, ఈ వృత్తిని రెండో రకంగా చూడడం నాకు సమ్మతం కాదు. అయితే తెల్లవారుజాము షిఫ్టులు, రక్తంతో సోకే జబ్బుల ముప్పు, చిరకాలంగా ఎరిగిన రోగులు ఒక్కొక్కరుగా కన్నుమూయడం కూడా ఇందులో భాగమే.

మీ అమ్మాయి ఇంతవరకు చూసింది పెదనాన్నగారి పడక పక్కన నుంచి మాత్రమే. డయాలసిస్ కేంద్రం అనుమతి తీసుకుని, యంత్రాన్ని సిద్ధం చేయడం మొదలు చివర్లో క్రిమిరహితం చేసేవరకు ఒక షిఫ్టు మొత్తం టెక్నీషియన్ వెంట ఉండి గమనించమనండి. యంత్రం, సూది, రోగి సౌకర్యం ఆమెను ఆకట్టుకుంటే ఆసుపత్రిలో నిజమైన శిక్షణ ఇచ్చే కోర్సు వెతకండి, చేరేముందు అక్కడ ఐసీయూ డయాలసిస్, పొట్ట ద్వారా చేసే డయాలసిస్ కూడా నేర్పుతారో లేదో అడగండి. అలా కాక, జబ్బు ఎందుకు వచ్చింది, ముందే ఆపగలిగేవారమా అన్న ప్రశ్నలే ఆమెను వేధిస్తుంటే, ఎన్ని ప్రయత్నాలో ముందుగానే నిర్ణయించుకుని మెడికల్ ప్రవేశ పరీక్షకే సిద్ధం చేయించండి. నెఫ్రాలజీయా, మరొకటా అన్నది జనరల్ మెడిసిన్ చదివేటప్పుడు తేల్చుకోవచ్చు.