పాత ఇల్లు, చంటిపిల్లలు: పగుళ్ల కంటే ముందు కిటికీలు చూడండి

నలభై ఏళ్ల నాటి ఇల్లు, గోడల మీద పగుళ్లు, మూడేళ్ల పాపా ఎనిమిది నెలల బాబూ, తీసుకోవచ్చా అని అడిగారు. మేమూ ఇలాంటి ఇంట్లోకే వెళ్లాం. అప్పటికి మా బాబుకి ఏడాదిన్నర. మేం భయపడ్డది ఒకదానికి, మా మీదికి వచ్చింది ఇంకొకటి. అందుకే వివరంగా రాస్తున్నాను.

మేమూ ముందు పగుళ్లనే చూశాం. స్ట్రక్చరల్ ఇంజనీరును వెంట తీసుకెళ్తే, వెంట్రుకవాసి గీతలన్నీ ప్లాస్టరింగువేనని తేల్చేశారు. కిటికీ మూల నుంచి ఐమూలగా పాకుతూ, గోడకి రెండు వైపులా ఒకే చోట కనబడే వెడల్పాటి పగులైతే పట్టించుకోవాలట. అలాంటిది ఒకటి ఉంటే, దాని కొసన పెన్సిలుతో గీత గీసి తేదీ రాయించారు. మూడు నెలలైనా అది గీత దాటలేదు. ఆయన ఎక్కువసేపు చూసింది స్లాబు అడుగుభాగం. లోపలి చువ్వ తుప్పు పడితే ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికే కాంక్రీటు పెచ్చులుగా రాలుతుంది. పైన రంగు వేస్తే మరక కనబడదు గానీ తుప్పు అలాగే ఉంటుంది. ఇల్లంతా పాతగా ఉండి సీలింగుకి మాత్రం కొత్త రంగు ఉంటే కర్రతో తట్టి చూడండి. బోలుగా మోగితే, బాగు చేయించేదాకా ఆ చోటి కింద మంచం గానీ ఉయ్యాల గానీ వేయకండి.

అంతా బాగుందనుకుని చేరిపోయాం. చేరే ముందు పాత కిటికీలకి కొత్త రంగు వేయాలని నేనూ మా ఆయనా రెండు రోజులు కూర్చుని సాండ్‌పేపరుతో రుద్దాం. బాబు పక్క గదిలో ఆడుకుంటున్నాడు. ఆ తెల్లటి పొడి ఇల్లంతా పరుచుకుంది.

కొన్ని నెలల తర్వాత పిల్లల డాక్టరు మామూలు పరీక్షలో "మీ ఇల్లు ఎన్నాళ్ల నాటిది?" అని అడిగి, రక్తంలో సీసం చూడమన్నారు. డెసిలీటరుకి 8 మైక్రోగ్రాములు వచ్చింది. 5 ఉంటేనే అది ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఇంత వరకు ఫరవాలేదనే హద్దు ఏదీ లేదని కూడా ఆ సంస్థే చెబుతుంది. బాబు చూడ్డానికి ఆరోగ్యంగానే ఉన్నాడు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. కడుపులోకి పోయిన సీసాన్ని పసిపిల్లల ఒళ్లు పెద్దవాళ్ల కంటే 4, 5 రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. పైగా వాళ్ల చేతులు నేల మీద, ఆ చేతులే నోట్లో.

పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండేది. గోడ మీద గట్టిగా అంటుకుని ఉన్నంతవరకు అంత ప్రమాదం లేదు. కిటికీ రెక్కలు, తలుపులు మూసి తెరిచినప్పుడల్లా రాసుకుని పొడి రాలుతుంది, పిల్లలు నిలబడి పట్టుకునేదీ అక్కడే. మీరైతే చేరకముందే కిటికీ రంగు పెచ్చు ఒకటి లేబొరేటరీకి పంపించండి. సీసం ఉందని తేలితే పొడిగా రుద్దకండి, మంటతో కాల్చకండి. మేం చట్రాలతో సహా తీయించేశాం, ఆ పని జరిగినన్నాళ్లూ బాబుని వేరే చోట ఉంచాం. తర్వాత రోజూ చీపురు మానేసి తడిగుడ్డతోనే తుడిచాం. ఆరు నెలలకి 4కి దిగింది. ఆ రెండు రోజుల పని తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

కరెంటు సంగతి చిన్నదే అయినా వదలకండి. ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ స్విచ్చు పెట్టించండి. బాల్కనీ రెయిలింగు సందులు 10 సెంటీమీటర్లు మించకూడదు. అడ్డకమ్మీలుంటే మీ మూడేళ్ల పాపకి అవి నిచ్చెనే. గ్యాస్ గీజరు బాత్రూం లోపలే ఉంటే బయటికి మార్పించాకే స్నానాలు.

నేనైతే స్లాబు తుప్పు ఎక్కువగా ఉంటే ఆ ఇల్లు వదిలేస్తాను. మిగతావి బాగు చేయించుకోవచ్చు, కానీ పిల్లలు అడుగు పెట్టకముందే. మీ పైన ఇంకో ఇల్లు ఉందా, వాళ్ల బాత్రూం మీ ఏ గది మీదికి వస్తుంది? అది రాయలేదు మీరు. నీళ్లు దిగి చువ్వ తుప్పు పట్టే అవకాశం అక్కడే ఎక్కువ, ముందు ఆ గది సీలింగు చూసి రండి.