చీకటితోనే బయలుదేరినవాళ్ళు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో ఒక పల్లె. మా ఆయనకు 43 ఏళ్ళు. రెండేళ్ళుగా డయాలసిస్ మీద ఉన్నారు. వారానికి రెండుసార్లు తెల్లారకముందే ఆటోలో సోంపేట తీసుకెళ్తాను. మేం ప్రభువును నమ్ముకున్నవాళ్ళం. మొదట్లో సంఘమంతా ఇంటికొచ్చి ప్రార్థన చేసేవారు, ఇప్పుడు రాకపోకలు తగ్గాయి. ఈమధ్య ఒక స్వస్థత కూడికలో బోధకుడు ‘డయాలసిస్ మిషన్‌ని నమ్ముకున్నారంటే దేవుణ్ణి నమ్మనట్టే, మీ ఇంట్లో ఒప్పుకోని పాపమేదో ఉంది’ అన్నాడు. అప్పట్నించి మా ఆయన డయాలసిస్ మానేస్తానంటున్నారు. అత్తగారేమో గ్రామదేవతను వదిలేసినందుకే ఇలా అయిందంటారు. నేను మోకాళ్ళ మీద కూర్చుంటే ఒక్క మాటా రావడం లేదు. ఒక్కోసారి ఇద్దరం కలిసి పోతే బాగుండుననిపిస్తోంది. నా విశ్వాసం పోయినట్టేనా?

జవాబు: అమ్మా, మీరు చివరగా రాసిన మాటతోనే మొదలుపెడతాను. ‘ఇద్దరం కలిసి పోతే’ అన్న ఆలోచన మళ్ళీ వస్తే, ఆ పూట ఒంటరిగా ఉండకండి. అక్కచెల్లెళ్ళలో ఎవరినైనా పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి. 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ఫోన్‌లైన్, ప్రభుత్వానిదే. పగలూ రాత్రీ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. తోటకి కొట్టే పురుగుమందు ఇంట్లో ఉంటే ఈరోజే వేరేచోట పెట్టించండి. ఇదేమీ పాపం ఒప్పుకోలు కాదు, సిగ్గుపడక్కర్లేదు. రెండేళ్ళు సరిగా నిద్రలేని మనిషికి ఇలాంటి ఆలోచనలు రావచ్చు.

రెండోది, డయాలసిస్ ఒక్క వాయిదా కూడా మానొద్దు. కిడ్నీలు పని చేయనప్పుడు ఒంట్లో నీరు, పొటాషియం పేరుకుపోతాయి. నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది, పొటాషియం పెరిగితే గుండే ఆగిపోవచ్చు. దానికి నెలలు పట్టవు, కొద్ది రోజులు చాలు. ఉపవాస ప్రార్థన అని ఆయన్ని పస్తు ఉంచకండి, మందులు ఆపకండి. ఏదైనా డాక్టరుగారిని అడిగాకే.

నేనూ ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళేదాన్నే కాబట్టి ఆ బోధకుడి గురించి కాస్త గట్టిగానే రాస్తాను. బైబిల్లో, యేసు సువార్త చాటుతూ తిరిగిన పౌలు వెంట ఉన్నవాళ్ళలో లూకా ఒకడు. అతను వైద్యుడు. పౌలు అతన్ని ప్రియుడైన వైద్యుడన్నాడే గాని, వైద్యం మానేసి రమ్మనలేదు. అంత దూరం ఎందుకు, మీరు వారానికి రెండుసార్లు వెళ్ళే సోంపేటనే చూడండి. కెనడా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీలు అక్కడ సువార్తతోపాటు ఆసుపత్రినీ నడిపారు. డాక్టర్ బెన్ గల్లిసన్ అక్కడ కంటి ఆపరేషన్లు చేసేవారు. ఆయన పని గురించి విన్న ఆర్థర్ జెంకిన్స్ అనే కెనడా వ్యాపారి 1963లో చూపులేని పేదల కోసం మొదలుపెట్టిన సంస్థ ఇప్పుడు చాలా దేశాల్లో పని చేస్తోంది. మీ ప్రాంతానికి యేసు పేరు మోసుకొచ్చినవాళ్ళు ఆపరేషన్ కత్తీ, గాయాల కట్టూ పట్టుకునే వచ్చారు. వాళ్ళకు లేని అభ్యంతరం ఈయనకెందుకో!

ఇక పాపం సంగతి. పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు సరిగ్గా ఇదే అడిగారు, వీడు పాపం చేశాడా, వీడి కన్నవాళ్ళు చేశారా అని. యేసు రెండూ కాదన్నాడు. మీ కవిటి, సోంపేట ఉన్న ఉద్దానం ప్రాంతంలో ఈ కిడ్నీ జబ్బు చర్చి ఉన్న వీధికీ వచ్చింది, కోవెల ఉన్న వీధికీ వచ్చింది. ఎందుకొస్తోందో పరిశోధకులు ఏళ్ళ తరబడి నీళ్ళూ మట్టీ పరీక్షించినా ఫలానా కారణమని తేల్చలేకపోయారు. వాళ్ళకు దొరకనిది ఆ బోధకుడికి ఒక్క సాయంత్రంలో దొరికిందా? మీ అత్తగారితో మాత్రం వాదన పెట్టుకోకండి. ఆవిడ కన్నకొడుకు కళ్ళముందే కరిగిపోతున్నాడు. ఎవరిని నిందించాలో తెలియక మిమ్మల్ని నిందిస్తోంది. ఆవిడ దీపం ఆవిడ పెట్టుకోనివ్వండి. డయాలసిస్ రోజు ఇంట్లో వంట పని ఆవిడకప్పగించి చూడండి, చేతికి పనుంటే ఆ కోపం కొంత తగ్గొచ్చు.

ప్రార్థనలో మాట రావడం లేదన్నారు. బైబిల్లో 88వ కీర్తన ఒకసారి తెరవండి. మిగతా ఏడుపు కీర్తనలు చాలావరకు చివరికొచ్చేసరికి స్తుతిలోకి తిరుగుతాయి, ఇది తిరగదు. చీకటి దగ్గరే ఆగిపోతుంది. దాన్ని కూడా గ్రంథంలోంచి ఎవరూ తీసెయ్యలేదు. మీరేం సొంతంగా అల్లక్కర్లేదు, అది చదివి పడుకోండి.

విశ్వాసం పోయిందా అని అడిగారు. మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఈస్టర్ తెల్లవారుజామున యేసు సమాధికి వెళ్ళిన ఆడవాళ్ళు గుర్తొచ్చారు. మనం ప్రతి ఏడూ పాటలు పాడుకుంటూ వెళ్తాం గాని, వాళ్ళు పాడుతూ వెళ్ళలేదు. యేసు లేస్తాడన్న ఆశ వాళ్ళకు లేదు. ఉంటే శవానికి పూయడానికి సుగంధద్రవ్యాలు ఎందుకు కొంటారు? దారిపొడుగునా వాళ్ళ దిగులంతా ఒక్కటే, ఆ రాయి మనకెవరు దొర్లించి పెడతారని. ఆశ లేకుండా, చీకటితోనే, చెయ్యాల్సిన పని చెయ్యడానికి బయలుదేరారు. మొట్టమొదటి సువార్త విన్నది వాళ్ళే. మీరు తెల్లారకముందు లేచి, రిపోర్టుల సంచీ భుజానికి తగిలించుకుని, ఆయన చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కిస్తున్నారు చూశారా, దాన్ని నేను విశ్వాసం అనే అంటాను. మీ లోపల ఏమీ అనిపించకపోయినా సరే.

రాయి మాత్రం ఒక్కరే దొర్లించక్కర్లేదు. సంఘంవాళ్ళు రావడం మానేశారంటే ప్రేమ లేక కాకపోవచ్చు. చాలామందికి ఏం మాట్లాడాలో తెలీదు. బైబిల్లో కష్టాలపాలైన యోబును చూడ్డానికొచ్చిన స్నేహితులు ఏడు రోజులు నోరు మూసుకుని పక్కన కూర్చున్నంతసేపూ బాగానే ఉన్నారు, చిక్కొచ్చింది మాట్లాడటం మొదలెట్టాకే. కాబట్టి ఈసారి పాస్టరుగారికి ‘ప్రార్థన చేయండి’ అని ఊరుకోకుండా ఫలానా పని అని చెప్పండి. వారంలో ఒక రోజు సంఘం కుర్రాళ్ళెవరైనా ఆయన్ని సోంపేట తీసుకెళ్ళి, డయాలసిస్ జరిగే ఆ నాలుగు గంటలూ దగ్గరుండి తీసుకురావాలి. ఆ రోజు మీరు నిద్రపోవాలి. డయాలసిస్ వాళ్ళకిచ్చే పింఛను కాగితాల్లో ఏదైనా ఆగి ఉంటే, ఆ పని తెలిసినవాళ్ళు ఒకరు మీతో సచివాలయానికి రావాలి. కూడికలో బోధకుడు చెప్పిన మాట కూడా పాస్టరుగారికి చెప్పండి. అది తప్పని మీ ఆయనకు చెప్పాల్సింది పాస్టరుగారే, మీరు చెబితే సరిపోదు.

మీ ఆయన డయాలసిస్ మానేస్తాననడం గురించి రెండు మాటలు. కొబ్బరి చెట్ల మధ్య పుట్టిన మనిషి, తన చెట్టు బొండాం తాను తాగకూడదు. పొటాషియం ఎక్కువని డాక్టర్లు వద్దంటారు. ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు, ఉన్న చేత్తో బరువెత్తకూడదు. 2018లో తిత్లీ తుపాను మీ వైపు తోటలు పడగొట్టినప్పుడు మళ్ళీ మొక్క నాటి నిలబడ్డ రైతులే మీరంతా. ఇప్పుడు ఆ చెయ్యే పనికి రాకపోతే మగవాడు లోపల ముడుచుకుపోతాడు. ధైర్యంగా ఉండమని చెప్పకండి, ఆ మాట ఇప్పటికే చాలామంది చెప్పుంటారు. ఏ చెట్టుకు ఎప్పుడు నీళ్ళు పెట్టాలో, కాయ ఏ ధరకు ఇవ్వాలో ఆయన్నే అడగండి. నిద్ర, తిండి బాగా తగ్గిపోతే డయాలసిస్ డాక్టరుగారికి చెప్పండి, దిగులుకీ వైద్యం ఉంది. కిడ్నీ మార్పిడి గురించి కూడా ఆ డాక్టరుగారినే అడగండి. చట్టం ప్రకారం భార్య దాత కావచ్చు. అయితే మీరూ ఆ ఊరి నీళ్ళే తాగారు, కాబట్టి ముందు మీ కిడ్నీలెలా ఉన్నాయో తెలిపే రక్తపరీక్ష, క్రియాటినిన్, చేయించుకోండి.

ఆదివారం పాస్టరుగారిని కలవడానికి మీ ఆయన్ని కూడా వెంట తీసుకెళ్ళండి. సోంపేటకి తోడు ఎవరు వస్తానన్నారో నాకు రాయండి.