గుంత తవ్వినవాళ్లదే బాధ్యత

ప్రశ్న: మా పక్కన ఇల్లు కడుతున్నవాళ్లు నీళ్ల సంపు కోసం గల్లీ అంచున గుంత తవ్వి, అడ్డం పెట్టకుండా వదిలేశారు. కరెంటు పోయిన రాత్రి మా అత్తమ్మ అందులో పడి తుంటి ఎముక విరిగింది. ఆమె కండ్లకు శుక్లాలు. అడగబోతే, "కండ్లు కనపడనామె చీకట్ల ఎందుకొచ్చింది? మీకూ మాకూ ఏమన్నా రాతకోతలున్నయా?" అంటున్నారు. కేసు నిలుస్తుందా?
– ఒక కోడలు, కాజీపేట

జవాబు: నిలుస్తుంది చెల్లెమ్మా. రాతకోతలు లేవన్న మాట చెల్లదు. స్నేహితుల్లో ఒకరు కొనిచ్చిన అల్లం పానీయం సీసాలో కుళ్లిన నత్త ఉందని స్కాట్లాండ్‌లో మే డొనహ్యూ అనే ఆమె తయారీదారు మీద కేసు వేసింది. ఇద్దరికీ ఏ ఒప్పందమూ లేదు. అయినా ఆయనకు బాధ్యత ఉంటుందని 1932లో, అప్పట్లో అక్కడి అత్యున్నత కోర్టు అయిన బ్రిటన్ ప్రభువుల సభ తేల్చింది. మన పని వల్ల ఎవరికి దెబ్బ తగలొచ్చని మనకు ముందే తట్టాలో, వాళ్లే మన పొరుగువాళ్లన్నారు ఆ కేసు విన్న జడ్జి లార్డ్ అట్కిన్. మన కోర్టులూ ఈ సూత్రాన్ని పాటిస్తాయి.

ఇక కండ్లు కనపడవన్న మాట. నాకు కోపం తెప్పించింది అదే. లండన్‌లో కరెంటు పనివాళ్లు కాలిబాట తవ్వి, గుంత ముందు నేల గట్టిచేసే పొడుగు పిడి దిమ్మిసను రెయిలింగుకు ఆనించి అడ్డంగా పెట్టారు. చూపున్నవాళ్లకు అది చాలు. ఒక అంధుడి చేతికర్రకు మాత్రం అది తగల్లేదు. తట్టుకుని పడ్డాడు, వినికిడి పోయింది. వీధిలో అంధులు కూడా నడుస్తారని తవ్వేవాళ్లు అనుకోవాల్సిందేనని 1964లో అదే సభ చెప్పింది. మీ పక్కింటివాళ్లు ఆ దిమ్మిసైనా పెట్టలేదు.

నర్సంపేట దగ్గర మా చేనులో గట్టు లేని మోటబాయి ఉండేది. ఏటా వానలకు ముందు మా నాయిన చుట్టూ తుమ్మకంప వేసేవాడు, చేతులనిండా ముండ్లు. రాత్రిపూట ఇటు ఎవరొస్తరని అమ్మ అడిగితే, "తెల్వనోడే వస్తడు" అనేవాడు.

అత్తమ్మ పొరపాటూ కొంత ఉందని కోర్టు అనుకుంటే పరిహారం తగ్గొచ్చు, అంతే. గుంత పూడ్చకముందే ఫొటోలు తీయండి. వీధి దీపం ఎంత దూరమో కూడా కనపడాలి. ఎక్స్‌రే, ఆపరేషన్ బిల్లులు, మీరు పని మానుకున్న రోజుల లెక్క దాచండి. ఎముక విరిగింది కాబట్టి భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ కింద పోలీసు ఫిర్యాదూ ఇవ్వొచ్చు. పరిహారానికి సివిల్ దావా వేరే వేయాలి. ఖర్చు గురించి టెన్షన్ పడకండి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలోనే ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అత్తమ్మ పేరు మీద దరఖాస్తు పెట్టండి. ఆమె మంచం దిగలేకపోతే, సంతకం చేయించుకుని మీరే తీసుకెళ్లండి.