కెమెరా పట్టబుద్ధి కావడం లేదన్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, మావయ్య ఆశీస్సులు.

అమ్మలూ, నీ మెసేజ్ చదివాను. ఏ పెళ్లికెళ్లినా అదే ఫొటో మళ్లీ తీస్తున్నట్టుందని, ఇక నీవల్ల కాదేమోనని రాశావు. ఫోన్లో రెండు మాటలు చెప్పి ఊరుకునే సంగతి కాదని ఇలా రాస్తున్నాను.

ముందు నిద్ర సంగతి చూసుకో. ముహూర్తాలు వరసగా ఒప్పుకున్నావు. రాత్రంతా పెళ్లి, తెల్లారి అప్పగింతలు, సాయంత్రానికి ఇంకో ఊళ్లో రిసెప్షన్. అలా తిరిగిన మనిషికి ఏమీ తోచకపోవడంలో వింతేముంది? ఇప్పుడు మూఢం వచ్చింది, పెళ్లిళ్లు లేవు. ఆల్బమ్ పని కూడా కొన్నాళ్లు పక్కన పెట్టి కంటినిండా నిద్రపో. ఫొటోలే కాదు, తిండీ మనుషులూ కూడా వద్దనిపిస్తుంటే మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్లు. దానికి నా సలహాలు చాలవు.

అలసట తీరాక కూడా మనసు కెమెరా మీదికి పోకపోతే అప్పుడు మిగతాది చదువు. నీ పనితనం ఎక్కడికీ పోలేదు. పోయిన నెల నువ్వు పంపిన ఆల్బమ్ చూశాను కదా, ఫోకస్ గానీ రంగులు గానీ వంక పెట్టడానికి లేవు. కానీ మండపంలో అడుగు పెట్టకముందే ఫొటోలు నీ తలలో తయారైపోయి ఉంటున్నాయి. పెళ్లివాళ్లు ఇన్‌స్టాగ్రామ్‌లో చూసినవి పంపి ఇలాగే కావాలంటారు. డబ్బు తీసుకున్నాం కాబట్టి అవి తీసివ్వాల్సిందే. అవి అయ్యాక కూడా అలాంటివే వెతుక్కుంటూ తిరుగుతున్నావు చూడు, నీ దిగులు అక్కడే మొదలైందని నా నమ్మకం.

అడ్డుతెర సంగతే తీసుకో. తెర దించే క్షణం కోసం, జీలకర్ర బెల్లం పెట్టే చేతుల కోసం అందరూ మండపం ముందు గుమిగూడతారు. వీడియోవాళ్ల ఎల్‌ఈడీ లైటు ముఖాల మీద సూటిగా కొడుతుంటుంది. అంతకు కాస్త ముందు, పంతులుగారు మంగళాష్టకాలు చదువుతున్నప్పుడు, పెళ్లికూతురి వైపు ఎవరూ చూడరు. ఆ పిల్ల తల వంచుకుని ఉంటుంది. బాసికం దారం ఒరుసుకుని చెవి పైన ఎర్రబడి ఉంటుంది. తమలపాకులోని జీలకర్ర బెల్లం చేతివేడికి మెత్తబడి వేళ్లకు అంటుకుంటుంటుంది. తెర పల్చటి గుడ్డయితే అవతలి లైటు అందులోంచి వడకట్టినట్టు వచ్చి ఆమె ముఖం మీద పడుతుంది. అంత మెత్తటి వెలుతురు కల్యాణమండపంలో మరెక్కడా దొరకదు. ముందువైపు నీ అసిస్టెంటును నిలబెట్టి నువ్వు ఇటు రా. 35 ఎంఎం లెన్సు పెట్టుకో, షట్టర్ వేగం సెకనులో 1/125 వంతు కన్నా తగ్గనివ్వకు, ఫ్లాష్ ఆపెయ్. ఏ పెళ్లికూతురి ముఖమూ ఆ కాసేపు ఇంకొకరి ముఖంలా ఉండదు.

పెళ్లిళ్లు మళ్లీ మొదలయ్యేలోపు ఒక పని చెయ్యి. తెల్లవారుజామున గుడిమల్కాపూర్ పూలమార్కెట్‌కి వెళ్లు. జూమ్ ఇంట్లో పెట్టి ఒక్క 35 తీసుకెళ్లు. ఫిల్ము రీలులో మాకు 36 ఫ్రేములే ఉండేవి, నువ్వూ రోజుకు అన్నే తియ్యి. తీసిన వెంటనే స్క్రీను చూడకు. ఒకే చోట నిలబడు, మర్నాడూ అక్కడికే వెళ్లు. మొదట్లో బంతిపూల గుట్టలే తీస్తావు, అవి అందరూ తీస్తారు. తర్వాత తీయడానికేమీ లేదనిపిస్తుంది. అప్పుడు చోటు మార్చాలనిపిస్తుంది, మార్చకు. తక్కెడ పట్టిన చెయ్యి, బేరం కుదరక మొహం తిప్పుకున్న మనిషి, అప్పటినుంచే కనిపిస్తారు. తీసేముందు అడుగు. తర్వాత ప్రింటు తీసుకెళ్లి వాళ్ల చేతికివ్వు.

యూజీన్ స్మిత్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ 1945లో ఒకినావా యుద్ధంలో షెల్లు తగిలి తీవ్రంగా గాయపడ్డాడు. ఆపరేషన్ల మీద ఆపరేషన్లు, కెమెరా ముట్టడానికే లేదు. 1946లో మళ్లీ పట్టినప్పుడు యుద్ధమో వార్తో వెతుక్కుంటూ పోలేదు. చెట్ల నీడలోంచి వెలుతురులోకి నడిచిపోతున్న తన ఇద్దరు పిల్లల్ని వెనకనుంచి తీశాడు. 1955లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ పెట్టిన పెద్ద ప్రదర్శనలో చిట్టచివరి ఫొటో అదే. ప్రాగ్‌లో జోసెఫ్ సూడెక్ అనే ఆయనకు మొదటి ప్రపంచయుద్ధంలో కుడిచెయ్యి పోయింది. ఊరు నాజీల చేతిలో ఉన్న రోజుల్లో, 1940 నుంచి, తన స్టూడియో కిటికీనే ఏళ్ల తరబడి తీశాడు. ఆవిరి పట్టిన అద్దం, దాని వెనక పెరట్లో ఒక చెట్టు. నువ్వు కిటికీ దాకా అయినా వెళ్లకుండా కొత్త లెన్సుల రేట్లు చూస్తున్నావని అక్కయ్య చెప్పింది. వద్దమ్మా. ఇప్పుడు ఈఎంఐ మొదలుపెడితే ఆ టెన్షన్‌తో ఇష్టం లేని పెళ్లిళ్లు ఇంకో నాలుగు ఒప్పుకుంటావు.

మార్కెట్లో తీసినవి కంప్యూటర్లోకి ఎక్కించి వారం దాకా తెరవకు. తర్వాత ల్యాబులో 4x6 ప్రింట్లు వేయించి హాల్లో నేలమీద పరుచుకుని చూడు. బాగున్నవి సరే, ఎందుకు తీశావో నీకే అంతుపట్టనివి కూడా కొన్ని ఉంటాయి, వాటిని పారెయ్యకు. అవే నాకు పోస్టులో పంపు. వాట్సాప్‌లో పంపితే నాకు సరిగా కనిపించవు. నాకు తోచింది వాటి వెనకాలే పెన్సిల్‌తో రాసి, మూఢం వెళ్లేలోపు తిప్పి పంపిస్తాను.

మీ మావయ్య