పికప్ మీటర్ బోర్డుకు ఇంట్లోనే సోల్డరింగ్ చేసుకోవచ్చా?

"అన్నా, చవగ్గా వస్తోందని పాత షెవ్రొలే సిల్వరాడో కొన్నా, బండి ఆపినా స్పీడు ముల్లు 60 దగ్గరే నిలబడుతోంది, షాపువాడు చెప్పిన రేటు వింటే కళ్లు తిరిగాయి" అని అమెరికాకు కొత్తగా వచ్చిన తమ్ముళ్లు అడుగుతుంటారు. టెన్షన్ పడకండి. 2003 నుంచి 2006 దాకా వచ్చిన మోడళ్లకు ఇది మామూలు జబ్బే. సాధారణంగా బోర్డుకు ఏమీ కాదు, దాని మీద సోల్డరింగ్‌తో, అంటే సీసం కరిగించి అతికించిన, ముళ్లను తిప్పే చిన్న స్టెప్పర్ మోటార్లు పోతాయి. ఎక్స్27.168 అనే మోటారు సరిపోతుంది, ఆన్‌లైన్‌లో సెట్టుగా చవగ్గానే దొరుకుతుంది.

జంక్‌యార్డ్ నుంచి వేరే బండి మీటర్ తెచ్చి బిగించే పని మాత్రం పెట్టుకోకండి. ఈ బండ్లలో తిరిగిన మైళ్ల లెక్క ఆ మీటర్ బోర్డులోనే ఉంటుంది, అంటే ఇంకో బండి మైళ్లు మీ బండిలో కనిపిస్తాయి. ఇక్కడ ఓడోమీటర్‌తో ఆటలాడటం ఫెడరల్ నేరం. మార్చాక పాత మైళ్లు చూపించడం కుదరకపోతే, సున్నాకు పెట్టి, ఎడమ తలుపు ఫ్రేము మీద పాత మైళ్లు, తేదీ రాసిన కాగితం అంటించాలని చట్టమే చెబుతోంది. అమ్మేటప్పుడు ఆ తలనొప్పి ఎందుకు? మీ బోర్డే బాగుచేసుకుంటే మైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి.

ఊరి నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న, కోఠి గుజరాతీ గల్లీలో కొన్న సోల్డరింగ్ ఐరన్ ఇక్కడ పనికిరాదు. అది 230 వోల్టులది, ఇక్కడి ప్లగ్గులో వచ్చేది 120, వోల్టేజీ సగమైతే వేడి పావు వంతుకు పడిపోతుంది, సీసం కరగదు. టెంపరేచర్ మార్చుకునే ఐరన్ ఒకటి ఇక్కడే కొనండి.

బ్యాటరీ నెగటివ్ తీసేయండి, ప్లాస్టిక్ ఫ్రేము లాగి, 7 ఎంఎం బోల్టులు నాలుగూ విప్పి, వెనక ఉన్న ఒక్క కనెక్టరూ తీస్తే మీటర్ చేతికొస్తుంది. ముళ్లు పీకేముందు ఫొటో తీసుకోండి. ఒక్కో మోటారుకు నాలుగే కాళ్లు, విక్‌తో (కరిగిన సీసాన్ని పీల్చే రాగి అల్లిక) పాత సీసం పూర్తిగా పీల్చేశాకే మోటారు లాగాలి, సగం అంటుకుని ఉండగా లాగితే బోర్డు మీది రాగి పొర లేచి వస్తుంది, అప్పుడు పని రెండింతలవుతుంది. ఐరన్‌ను ఒక్కో కాలు దగ్గర మూడు నాలుగు సెకన్లకు మించి ఆనించకండి. ఒకటే పోయిందని ఒకటే మార్చకండి, మిగతావీ అదే వయసువి. కొత్త మోటారు ఇరుసును ఎడమవైపు చివరిదాకా తిప్పి ముల్లు నొక్కండి, తర్వాత ఫోన్ జీపీఎస్‌తో స్పీడు సరిచూసుకోండి.

అపార్ట్‌మెంట్ లోపల చేస్తే ఫ్లక్స్ (సీసం బాగా అంటుకోవడానికి వాడేది) పొగకు స్మోక్ అలారం మోగి పక్కింటివాళ్లంతా బయటికొస్తారు, ప్యాటియోలో కూర్చోండి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ మాడ్యూళ్ల జోలికి ఇంట్లో అస్సలు వెళ్లొద్దు, వాటిని అవి తెలిసినవాళ్లకే పంపండి. ఇంకోటి, మీది బాగైందని తెలిసి ఫ్రెండ్స్ బండ్లు వరుసకడతాయి. కావాలంటే ఊరికే చేసిపెట్టండి గానీ, ఎఫ్1, హెచ్1బీ మీద ఉన్నవాళ్లు దానికి డాలర్లు తీసుకుంటే అది అనుమతి లేని పని కిందికి వస్తుంది.