బోల్డ్ ఇటాలిక్ స్లాబ్ సెరిఫ్ ఫాంట్ ఎక్కడ బాగుంటుంది?

పోస్టర్, ప్యాకెట్, జెర్సీ, పెద్ద హెడ్డింగ్ లాంటి చోట్ల బాగుంటుంది. పేజీ నిండా ఉండే మ్యాటర్‌కి మాత్రం పనికిరాదు.

స్లాబ్ సెరిఫ్‌లో ఇంగ్లిష్ అక్షరాల కొసల్లో ఉండే అడ్డపట్టీలు దాదాపు నిలువు గీతలంత మందంగా ఉంటాయి. 19వ శతాబ్దం మొదట్లో బ్రిటన్‌లో ప్రకటనలు దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనిపించాలని ఈ రకం అక్షరాలు పోతపోశారు. బోల్డ్‌లో ఆ మందం ఇంకా పెరుగుతుంది, ఇటాలిక్ వాలు దానికి ముందుకు ఉరికే ఊపు ఇస్తుంది. అందుకే ఆటల జట్ల పేర్లకు అంత చక్కగా అమరుతుంది. చిన్న సైజులో మాత్రం చిన్నబడి ‘ఏ’, ‘ఈ’ల లోపలి ఖాళీ పూడుకుపోయి కంటికి శ్రమ.

మోనోటైప్ అనే ఫాంట్ల కంపెనీ 1934లో తెచ్చిన రాక్‌వెల్ అనే స్లాబ్ ఫాంట్ చూడండి. ‘ఓ’ ఇంచుమించు గుండ్రటి వలయం. పెద్దబడి ‘ఏ’ శిఖరం మీద కూడా ఒక పట్టీ ఉంటుంది. రెండు మూడు మాటల హెడ్డింగ్‌కి దాని బోల్డ్ ఇటాలిక్ చాలా నిండుగా ఉంటుంది.

ఏ స్లాబ్ ఫాంట్‌కైనా బోల్డ్, ఇటాలిక్ బటన్లు నొక్కితే ఇదే వస్తుందని చాలామంది అనుకుంటారు. కానీ ఆ ఫాంట్‌కి విడిగా గీసిన బోల్డ్ ఇటాలిక్ ఫైలు సిస్టంలో లేకపోతే సాఫ్ట్‌వేర్ ఉన్న అక్షరాన్నే ఉబ్బించి పక్కకు వంచేస్తుంది. అప్పుడు వంపులు వంకర పోతాయి, గీతల మందం ఒక్కో చోట ఒక్కోలా తేలుతుంది.