మీ ప్రశ్నలు – మా జవాబులు: తాటాకు పుస్తకాల వెబ్‌సైటును జనంతో వాడించి చూడటం ఎలా?

ప్రశ్న: మా గ్రంథాలయంలోని తాళపత్రాలు, పాత పత్రికలు, జమీందారీ కాగితాలు స్కాన్ చేయించి వెబ్‌సైటులో పెట్టాం. అయినా జనం ఫోను చేసి "ఫలానాది మీ దగ్గర ఉందా అండీ?" అనే అడుగుతున్నారు. లోపం ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? పెద్దగా డబ్బు లేదు.
– గ్రంథాలయ కార్యవర్గ సభ్యులు, రాజమహేంద్రవరం

జవాబు: డబ్బుతో పెద్ద పని లేదండీ. ముందు ఫోను పక్కన ఒక నోటుపుస్తకం పెట్టి, నెల రోజులపాటు అడిగినవారి మాటను అడిగినట్టే రాయించండి. మీ సైటు మీద 'ప్రత్యేక సేకరణలు' అని ఉంటుంది. ఫోను చేసినవారు 'తాటాకు పుస్తకాలు' అనో, 'పాత పేపర్లు' అనో, 'ఎస్టేటు రికార్డులు' అనో అంటారు. చాలా సైట్లలో సగం తగాదా ఈ మాటల దగ్గరే.

తర్వాత వాడుక పరీక్ష. అంటే ఒక మనిషికి ఒక పని చెప్పి, సైటు చేతికిచ్చి, సాయం చేయకుండా పక్కన కూర్చుని చూడటం. ఇలాంటి పరీక్షల మీద పరిశోధన చేసిన జేకబ్ నీల్సన్, టామ్ లాండౌర్ 1993లో వేసిన లెక్క ప్రకారం ఒక్కో మనిషి దగ్గర సగటున 31 శాతం లోపాలు బయటపడతాయి. ఆ లెక్కన ఐదుగురితో సుమారు 85 శాతం తేలతాయి. కాకపోతే ఆ ఐదుగురూ ఒకే తరహా వాడుకరులైనప్పుడే ఈ లెక్క నిలుస్తుంది. మీ దగ్గరికి వచ్చేవారు మూడు రకాలు: పరిశోధక విద్యార్థులు, ఊరి చరిత్రో వంశవృక్షమో వెతికే పెద్దవారు, పత్రికలకు రాసే ఉపాధ్యాయులు. రకానికి నలుగురు చొప్పున పన్నెండుమందిని పిలవండి. సంక్రాంతి వారం మాత్రం వద్దు, ఎవరూ దొరకరు.

మనిషికి 45 నిమిషాలు, ఐదు పనులు. ఒకరు నడపాలి, ఒకరు రాసుకోవాలి, అంతకు మించి గదిలో ఎవరూ ఉండకూడదు. గ్రంథాలయాధికారి వెనక కూర్చుంటే వచ్చినవారు తెర మానేసి ఆయన ముఖం చూస్తారు. సొంత ఫోనులోనే, మొబైల్ డేటా మీదే చేయించండి. మీ వైఫైలో చిటికెలో తెరుచుకునే బొమ్మ లంక గ్రామంలో ఎంతసేపు తిరుగుతుందో మీకు తెలియాలి. స్క్రీన్ రికార్డింగ్ పెడితే ముందే నోటిఫికేషన్లు ఆపించండి, లేకపోతే బ్యాంకు ఓటీపీలు కూడా అందులో పడతాయి. ఏది రికార్డు చేస్తున్నారో, ఎప్పుడు చెరిపేస్తారో తెలుగులో ఒక కాగితం మీద రాసి, చదివి వినిపించి సంతకం తీసుకోండి.

పని చెప్పే తీరులోనే పరీక్ష నెగ్గడం, ఓడటం ఉంది. "ప్రత్యేక సేకరణల్లో వివేకవర్ధిని తెరవండి" అంటే దారి మీరే చెప్పేసినట్టు. ఇలా చెప్పండి: "కందుకూరి వీరేశలింగం గారు 1874లో మొదలుపెట్టిన పత్రిక చదవాలనుకున్నారు. ఈ సైటులో ఉందా? ఉంటే ఇంట్లోంచే చదవొచ్చా, ఇక్కడికి రావాలా?" రెండోది: "1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టకు సంబంధించిన కాలువల పటం కావాలి." మూడోది: "1910 నాటి భీమవరం గురించి ఏదైనా కాగితం చూపించండి." నాలుగోది: "వచ్చే మంగళవారం వచ్చి అసలు ప్రతి చూడాలి, ఏం చేస్తారు?" ఐదోది మీ దగ్గర లేనిదై ఉండాలి. 'లేదు' అని తేల్చుకోవడానికి మనిషి ఎన్ని పేజీలు తిరగాల్సి వస్తుందో అందులో తెలుస్తుంది. ఈ పనిని చాలామంది వదిలేస్తారు, వదలొద్దు.

ఫలితాన్ని నాలుగు గళ్ళలో రాసుకోండి: సొంతంగా చేశారు, మాట సాయంతో చేశారు, వదిలేశారు, చేశాననుకున్నారు గానీ తప్పు. ఈ నాలుగో గడే ప్రమాదం. పత్రిక వివరాల పేజీ తెరుచుకుంటే చాలామంది పత్రికే దొరికిందనుకుంటారు. అది పేరు, తేదీ, అలమర నంబరు ఉన్న పేజీయే గానీ చదవడానికి బొమ్మలు లేవని గమనించరు. 'ఇక్కడే చదవొచ్చు', 'గ్రంథాలయానికి రావాలి' అన్న రెండు మాటల్లో ఒకటి ప్రతి ఫలితం పక్కనా కనబడేలా పెడితే ఈ గడి చాలావరకు ఖాళీ అవుతుంది.

ప్రశ్న: మేం ముగ్గురం విద్యార్థులం ఇలాంటి పరీక్ష మొదలుపెట్టాం. ఎవరిని అడిగినా "ఆయ్, బాగుందండీ" అంటున్నారు. లోపాలు ఎలా రాబట్టాలి?
– డిగ్రీ విద్యార్థిని, అమలాపురం

జవాబు: అడగడం మానేయమ్మా, చూడటం మొదలుపెట్టు. కోనసీమలో ఇంటికొచ్చిన పిల్లల పని బాగాలేదని ఎవరంటారు? "ఎలా ఉందండీ?" అనే ప్రశ్నను ఆఖరిదాకా నోట రానివ్వకండి. మొదట్లోనే చెప్పండి: "పరీక్ష మీకు కాదండీ, సైటుకి. ఇది మేం కట్టింది కాదు, తప్పు చెబితే మాకు మేలు." వారి బొటనవేలిని చూడండి. మెనూ మీదికి వెళ్ళి, నొక్కకుండా గాల్లో ఆగి, వెనక్కి వచ్చిందంటే అక్కడి మాట అర్థం కాలేదన్నమాట. సమయంతో సహా అది రాసుకోండి. అప్పుడు "ఇది నొక్కితే ఏమొస్తుందనుకుంటున్నారండీ?" అని అడగొచ్చు. "ఇది నొక్కనా?" అని వారే అడిగితే "ఇంట్లో ఒక్కరే ఉంటే ఏం చేస్తారండీ?" అనండి. మౌనంగా ఉంటే మనసులో పది లెక్కపెట్టాకే మాట్లాడండి. అసలు పరీక్షకు ముందు ఒకరితో నమూనా పరీక్ష చేసి చూసుకోండి. పని చెప్పే వాక్యాల్లోని తప్పులు అక్కడే దొరుకుతాయి.

ప్రశ్న: పరీక్షలో 1910 నాటి భీమవరం కాగితాలు ఎవరికీ దొరకలేదు. కాగితాలైతే సైటులో ఉన్నాయి. తప్పు వెతికేవారిదా, సైటుదా?
– స్థానిక చరిత్ర సంఘ సభ్యులు, భీమవరం

జవాబు: సైటుదే. మొదటి కారణం జిల్లా. 1904లో ఏలూరు, తణుకు, భీమవరం, నర్సాపురం వైపు తాలూకాలను గోదావరి జిల్లా నుంచి తీసి కృష్ణాలో కలిపారు. పశ్చిమ గోదావరి జిల్లా 1925లో ఏర్పడింది. కాబట్టి భీమవరం కాగితం 1895దైతే గోదావరి జిల్లా కింద, 1910దైతే కృష్ణా కింద, 1930దైతే పశ్చిమ గోదావరి కింద ఉంటుంది. వెతికేవారు మాత్రం నేటి జిల్లానే ఎంచుకుంటారు, సున్నా ఫలితాలు వస్తాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మళ్ళీ మారాయి గనక అమలాపురం వారికీ ఇదే గొడవ. ప్రతి కాగితానికీ నాటి జిల్లా, నేటి జిల్లా రెండూ ఎక్కించాలి. ఇది ప్రోగ్రామరు పని కాదు, జాబితా రాసేవారి పని.

రెండోది సంవత్సరం. కరణాల లెక్కలు, ఎస్టేటు కాగితాలు ఫసలీలో, అంటే పాత భూమిశిస్తు సంవత్సరంలో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే ఆ సంవత్సరం మొదలైన ఇంగ్లీషు ఏడాది వస్తుంది: ఫసలీ 1320 అంటే 1910 జులై నుంచి 1911 జూన్ దాకా. తాళపత్రాల మీద శాలివాహన శకం ఉంటే 78 కలపాలి. జాబితాలో '1320' అని మాత్రమే ఉంటే 1910 అని కొట్టినవారికి అది ఎప్పటికీ దొరకదు.

మూడోది మన లిపి. ఈ మాటలు వెతుకుడు పెట్టెలో ఒక్కొక్కటే వేసి ఫలితాల సంఖ్య రాసుకోండి: రాజమండ్రి, రాజమహేంద్రవరం, రాజమహేంద్రవరము, ఆనకట్ట, ఆనికట్టు, కాలువ, కాల్వ, గుర్రము, గుఱ్ఱము. పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో కూడా కొట్టండి, ఫోనులో అలా వెతికేవారూ ఉంటారు. ఒకే అర్థమున్న మాటలన్నిటికీ ఒకే సంఖ్య రావాలి. 'కాటన్' లాగా పొల్లుతో ముగిసే పేర్లను ప్రత్యేకంగా చూడండి. ఆ పొల్లు తర్వాత కంటికి కనబడని విడదీత గుర్తు ఉన్న ప్రతులూ ఉంటాయి, లేనివీ ఉంటాయి. మనకి రెండూ ఒకటే, యంత్రానికి వేరు. ఆ గుర్తును జాబితాలోంచీ, వెతికే మాటలోంచీ తీసేసి పోల్చమని ప్రోగ్రామరుకు చెప్పండి. అరసున్ననూ అలాగే పక్కనపెట్టాలి.

ఇంకొక్క పరీక్ష. సైటులోని పీడీఎఫ్ నుంచి తెలుగు వాక్యం ఒకటి కాపీ చేసి ఫోనులో పేస్టు చేయండి. పిచ్చి ఇంగ్లీషు గుర్తులు వచ్చాయంటే అది అను వంటి పాత ఫాంటులో కొట్టినది. ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ చదవగల యూనికోడ్‌ అక్షరాల్లోకి మార్చేదాకా వెతుకులాటకు అందదు. ఏమీ కాపీ కాకపోతే అది ఉత్త బొమ్మ, అందులోని మాటలూ వెతుకులాటకు అందవు.

ప్రశ్న: తాళపత్రాల బొమ్మలు బాగా తీశాం, అయినా ఫోనులో చదవలేకపోతున్నామంటున్నారు.
– వెబ్ డెవలపర్, కాకినాడ

జవాబు: అడుగున్నర పొడవు, రెండంగుళాల వెడల్పు ఉన్న ఆకు నిలువు ఫోనులో అంగుళంలో మూడో వంతు ఎత్తు పట్టీగా కనబడుతుంది. అందులో ఏడెనిమిది పంక్తులు! ఆకు ఎడమ కొస నుంచి, ఎత్తు తెరకు సరిపడేలా పెంచి తెరవండి, పక్కకు జరుపుకుంటారు. పెద్ద ఫైలు మొత్తం దించకుండా ముక్కలుగా వచ్చేలా పెట్టండి. ఇంకొక తప్పు నంబర్లలో ఉంటుంది. జాబితాలో 'ఆకు 37 వెనుక' అని చూసి 37 కొడితే, ఆకుకు రెండు బొమ్మలు గనక, 19వ ఆకు ముందువైపు తెరుచుకుంటుంది. కావలసినది 74వ బొమ్మ. బొమ్మ నంబరు దాచి ఆకు నంబరు చూపించండి.

ప్రశ్న: పరీక్ష అయింది, నలభై లోపాలు తేలాయి. ముందు ఏవి సరిచేయాలి? మార్కులు వేసే పద్ధతి ఉందా?
– గ్రంథపాలకులు, నర్సాపురం

జవాబు: ఎంతమందికి అడ్డుపడింది, పని పూర్తిగా ఆగిపోయిందా అన్న రెండే చూడండి. నలుగురిలో ముగ్గురిని ఆపేసిన లోపం ముందు. రంగు నచ్చలేదన్నది ఆఖరు. 'చేశాననుకున్నారు గానీ తప్పు' గడిలోనివి ఒక్కరికే జరిగినా పైకి తెండి.

మార్కులకు జాన్ బ్రూక్ 1986లో తయారుచేసిన పది వాక్యాల కొలమానం ఉంది, ఒక్కో వాక్యానికి 1 నుంచి 5. బేసి వాక్యాల మార్కులోంచి 1 తీసేయాలి, సరి వాక్యాలకు 5 లోంచి మార్కు తీసేయాలి, మొత్తాన్ని 2.5తో గుణించాలి. సగటు 68 అని లెక్క. అది శాతం కాదు. సరి వాక్యాలు వ్యతిరేకార్థంలో ఉంటాయి, పెద్దవారు గబగబా అన్నిటికీ 5 పెట్టేస్తారు. అలా పెడితే సరిగ్గా 50 వస్తుంది. అది కనబడితే వాక్యాలు చదివి వినిపించి మళ్ళీ అడగండి.

సరిచేశాక అవే పనులు మళ్ళీ చేయించండి, కానీ కొత్త మనుషులతో. పాతవారికి దారి తెలిసిపోయి ఉంటుంది.